నాలుగడుగుల పది అంగుళాల లోపు

క్లబ్బు కుర్రాళ్లు ఇద్దరు మొన్న మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "అప్పా, దాదా సంతాపసభ ఆదివారం. నువ్వయితే తెలుగు రాస్తావు. నాలుగు మంచి ముక్కలు రాసియ్యి, మైకులో సదివీస్తాం" అన్నారు. అప్ప అంటే మా వైపు అక్క.

మా బస్తీలో ఇప్పటి పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ రాయడం రాదు. అందుకని ఎవరు పోయినా నా దగ్గరికే వస్తారు. తాగొచ్చి పెళ్లాన్ని తన్నినవాణ్ణి కూడా 'అందరికీ తలలో నాలుక' అని రాసిచ్చిన చెయ్యి ఇది. ఈసారి మాత్రం కాగితం ముందేసుకుని ఎంతసేపు కూర్చున్నా నాలుగు ముక్కలు కుదర్లేదు. ఒక్కటి కుదిరింది. అది మధ్యలో ఎక్కడో చెప్తాను. మిగిలిన మూడూ ఎందుకు కుదర్లేదో చెప్పడానికే ఇదంతా.

పేరు రాయను. కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఓడలాగే డాకు వైపు బస్తీల్లో ఆ మనిషిని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తెలుగువాళ్లూ బెంగాలీలూ బిహారీలూ అందరూ దాదా అనేవాళ్లు. మా శ్రీకాకుళం వైపు మనిషే. డాకులో సరుకు లెక్కలు రాసే ఉద్యోగమని చెప్పుకునేవాడు గానీ, నేను చూసినంతలో ఎప్పుడూ మైదానంలోనే ఉండేవాడు. ఆరడుగుల పొడుగు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గుమ్మానికి నుదురు కొట్టుకునేది. నుదురు రుద్దుకుంటూ మా నాన్నని తిట్టేవాడు: "ఏటి గుమ్మమిది? మనుసులకి కట్టేవా, మేకలకి కట్టేవా?" అంత పొడుగు మనిషి తన బతుకంతా ఎదుటివాడు ఒక అంగుళం పెరిగితే ఓర్చుకోలేకపోయాడు.

దానికి కారణం ఒక రకం ఆటపందేలు. ఎర్రజెండా సర్కారు వచ్చి బాగా కుదురుకున్న రోజులవి. సందుకొక క్లబ్బు, క్లబ్బుకొక క్యారంబోర్డు. చలికాలం వచ్చిందంటే పిల్లల ఫుట్‌బాల్ పోటీలు. వాటిలో వయసు అడిగేవాళ్లు కాదు, ఎత్తు చూసేవాళ్లు. నాలుగడుగుల పది అంగుళాలు దాటకూడదు. మైదానం అంచున ఒక వెదురు పాతి, దాని మీద గీత గీసి, పిల్లల్ని ఒక్కొక్కళ్లనే దానికి ఆనించి నిలబెట్టి, పైనుంచి ఒక అడ్డకర్ర తల మీదికి దించేవాళ్లు. కర్ర గీతకి పైన ఆగిపోతే ఆ పిల్లాడు ఆటలోంచి బయటికి. వయసు కాగితం దొంగది తేగలరు గానీ ఎత్తు దొంగది తేలేరని బెంగాలీ బాబులు ఆలోచించి పెట్టుకున్న పద్ధతి. పాపం, మావాడి సంగతి వాళ్లకి తెలీదు.

ఆ మనిషి చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉండేది. దాని మీద ఎర్ర రంగుతో ఒక గీత. ఆ కర్రతో ఎవర్నీ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. వీధిలో కనిపించిన పిల్లాడినల్లా ఆపి పక్కన ఆ కర్ర నిలబెట్టేవాడు. ఎర్ర గీతకి కిందుంటే వీపు తట్టేవాడు. గీత దాటితే మొహం పక్కకి తిప్పేసి, "సెడిపోనాడు" అనేవాడు. మా బస్తీలో చాలాకాలం ఆ మాటకి అర్థమే మారిపోయింది. ఫలానా వాళ్ల పిల్లాడు చెడిపోయాడంటే సారా మరిగాడని కాదు, పెరిగాడని.

మగపిల్లలు ఎలా పెరుగుతారో ఆ మనిషికి తెలిసినంతగా డాక్టర్లకి కూడా తెలీదేమో. ఆ తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీసం తరవాత వస్తుందనీ, ముందు పెరిగేవి పాదాలనీ కనిపెట్టాడు. అందుకని మైదానం బయట పిల్లలు విడిచిన చెప్పులు వంగి వంగి చూసేవాడు. ఎవడి మడమ చెప్పు దాటి బయటికొచ్చిందో చూసి, "ఈడు వొచ్చే పందేలకి ఉండడు" అని తేల్చేసేవాడు. అవతలి గోలు దగ్గర నిలబెట్టి ఎవడి పేరు వాడిచేత అరిపించేవాడు, గొంతు ఎక్కడైనా జీరబోతుందేమోనని. బొటనవేలితో పై పెదవి తడిమేవాడు. ఒకసారి పందెం మధ్యలో ఒక పిల్లాడు బంతి ఇమ్మని అరిస్తే ఆ అరుపు సగంలో చీలి మగవాడి గొంతు బయటికొచ్చింది. ఆట అయ్యేదాకా ఆగలేదు ఆ మనిషి, అప్పటికప్పుడు వాణ్ణి లాగేసి ఇంకొకణ్ణి దించాడు. గొంతు మారినందుకు ఏడ్చిన పిల్లాణ్ణి నేను ఆ ఒక్కణ్ణే చూశాను.

'అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా' అని తల్లులు కష్టం కలిగినప్పుడు అంటారు. ఆ మనిషి దాన్నే రూలు చేసుకున్నాడు. పెద్దపిల్లల జట్టు ఒకటి పెడదామని ఎవరైనా అంటే నవ్వేవాడు. "ఎదగటానికేటి, గాడిద కూడా ఎదుగుద్ది. ఎదక్కుండా ఉండ్డమేరా విద్య!"

ఆ విద్యకి మా తమ్ముడు పెద్ద శిష్యుడు.

మా నాన్న డాకులో మూటలు మోసేవాడు. తమ్ముడు నాకంటే రెండేళ్లు చిన్న. వాడికి కాళ్లలో బంతి పుట్టుకతోనే ఉంది. దానికి తోడు మనిషి సన్నం, పొట్టి. పన్నెండేళ్లకే ఆ మనిషి కళ్లలో పడ్డాడు. ఒకరోజు వచ్చి, అలవాటుగా నుదురు కొట్టుకుని, మా అమ్మ ముందు కూచున్నాడు. "గుంటణ్ణి నాకొదిలీ అమ్మా. ఆడి బతుకు నాను సూసుకుంటాను. కప్పులు కొడితే మన పార్టీ లోకల్ కమిటీ బాబు కంట్లో పడతాడు. రేపు పోలీసుల్లోనో రైల్వేలోనో ఏయించీగలడు" అన్నాడు. మూటలు మోసేవాడి ఇంట్లో కొడుకు ఒంటిమీద ఖాకీ చొక్కా అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మా అమ్మ చేతులు జోడించింది. ఆరోజు నుంచీ మా ఇంట్లో వంట ఆ మనిషి చెప్పినట్టు జరిగింది. తమ్ముడికి గుడ్డు వద్దు, పాలు వద్దు, చేప తలకాయ అసలే వద్దు. గుప్పెడు మరమరాలూ, పచ్చిమిరపకాయా, పాలు లేని టీ. తెల్లారకుండానే లేపి నెత్తిన ఇసక మూట పెట్టి మైదానం చుట్టూ తిప్పేవాడు, వెన్ను కుదించుకుంటుందట. పగలు నిద్రపోనిచ్చేవాడు కాదు, నిద్రలో మనిషి సాగుతాడట.

నేను పెద్దమనిషినైంది ఆ రోజుల్లోనే. మా వైపు ఆచారం ప్రకారం నన్ను మూల కూచోబెట్టారు. బస్తీలోని తెలుగు ఆడవాళ్లంతా వచ్చి నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేశారు. ఎముకలు గట్టిపడాలనీ నడుం నిలబడాలనీ ఉండలు చేసి నాకు తినిపించారు. హౌరా టికియాపారా నుంచి మా మేనత్త పట్టుపరికిణీ తెచ్చింది. ఆడపిల్ల ఎదిగితే పండగ. పండగ అయ్యాక వీధిలో పరుగెత్తకూడదన్నారనుకోండి, అది వేరే ఏడుపు.

ఆ పండక్కి ఆ మనిషి కూడా వచ్చాడు. తన వాటా చిమ్మిలి రెండు ఉండలు నోట్లో వేసుకున్నాడు. అంతలో తమ్ముడు నా పక్కన చేరి ఒక ఉండ తీసుకోబోయాడు. ఆ మనిషి అంత పొడుగు చెయ్యి చాచి వాడి చేతిలోంచి ఉండ లాక్కున్నాడు. "ఒరే! నువ్వులురా అవి. సాగిపోతావు!" లాక్కున్న ఉండ ఏం చేశాడనుకున్నారు? అదీ తనే తినేశాడు. వాడు ఖాళీ చెయ్యి నాకి, ఆ వేళ్లకంటిన బెల్లంతో సరిపెట్టుకున్నాడు.

ఇక మోకాళ్ల సంగతి చెప్పాలి. ఎంత ఆకలితో ఉంచినా పిల్లలు కాస్తో కూస్తో పెరుగుతారు కదా. ఆ కాస్తా కనపడకుండా చెయ్యడానికి ఆ మనిషి ఒక సాధన పెట్టాడు. రోజూ సాయంత్రం పిల్లల్ని క్లబ్బు గోడకి వరసగా నిలబెట్టి, మోకాళ్లదాకా ఉండే వదులు నిక్కర్లు తొడిగించి, కర్ర అడ్డంగా పట్టుకుని ఒక్కొక్కడి నెత్తి మీదికి దించేవాడు. "కర్ర ఆనిందనగానే మోకాళ్లు వొదలాల. వొంగకూడదురా, వొదలాల! వొంగితే కనిపిస్తాది. వొదిల్తే ఆ దేముడికి కూడా కనిపించదు." మళ్లీ మళ్లీ దించేవాడు. పిల్లలు ఆలోచించుకుని చేస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆలోచన లేకుండా జరగాలి. మొక్కై వంగనిది మానై వంగదు అనేవాడు, ఏదో గొప్ప చదువు చెప్తున్నట్టు. తమ్ముడు ఆ విద్యలో అందరికంటే ముందు. కర్ర వెంట్రుకలకి తగిలిందో లేదో, వాడు ఒక వేలెడు కిందికి జారిపోయేవాడు. భుజాలు కదిలేవి కాదు, మొహం మారేది కాదు. చూస్తున్న నాకే వాడు నిలబడి ఉన్నాడనిపించేది.

కప్పులు వచ్చాయి. రావా మరి? పదకొండేళ్ల పిల్లల మధ్య పదిహేనేళ్లవాణ్ణి దింపితే రాకేం చేస్తాయి! లోకల్ కమిటీ బాబు వచ్చి దండలు వేశాడు. మాకు రెండు స్టీలు బకెట్లు ఇచ్చారు. ఆ మనిషి మైకు పట్టుకుని క్రమశిక్షణ గురించి మాట్లాడాడు.

నేను రాయగలిగిన ఒక్క మంచి ముక్కా ఇక్కడే చెప్పేస్తాను. పందెం అయ్యాక పిల్లల బురద జెర్సీలన్నీ ఆ మనిషే రోడ్డు కుళాయి దగ్గర కూచుని ఉతికేవాడు. ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. డాకు గోడ మీద వరసగా ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా కాపలా కూచునేవాడు. అంత ప్రేమగా ఉతికేవాడు. జెర్సీలు పెరగవు కదా.

తమ్ముడికి పదహారు దాటాయి. వాడి ఈడువాళ్లు గడ్డాలు గీసుకుంటున్నారు. వీడు మాత్రం ఎదుగూ బొదుగూ లేకుండా అలాగే ఉన్నాడు. చెంపలు పీక్కుపోయాయి. మా నాన్నకి భయం పట్టుకుంది. బకెట్లు సరే, ఖాకీ చొక్కాకి కూడా ఒక ఎత్తు ఉంటుందని ఎవరో చెప్పారు. ఇంత పొట్టివాణ్ణి పోలీసుల్లో ఎవడు తీసుకుంటాడు? అమ్మా నేనూ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాం. బెంగాలీ ముసలి డాక్టరు వాడి అరచేతులు తిప్పి చూశాడు, నాలుక చూశాడు, ఏం తింటున్నాడని అడిగాడు. మా అమ్మ చెప్తుంటే ఆయన రాస్తున్న కలం ఆపేశాడు. జబ్బేం లేదన్నాడు. కొందరికి ఆ వయసు ఆలస్యంగా వస్తుందనీ, తిండి పెట్టకుండా పరుగులు పెట్టిస్తే ఇంకా ఆలస్యమవుతుందనీ, కానీ ఆ వయసు గుమ్మంలో ఎల్లకాలం కాచుకు కూచోదనీ చెప్పాడు. "పేట్ భొరే ఖేతే దాఓ, మా" అన్నాడు చివరికి. కడుపు నిండా పెట్టమ్మా అని. దానికి మందుల చీటీ కూడా అక్కర్లేదు.

అమ్మ ఇంకా తటపటాయించింది, దాదా మాట తీసెయ్యడమెలా అని. నేను తటపటాయించలేదు. బస్తీ స్కూల్లో చిన్నపిల్లలకి చదువు చెప్పి వస్తూ గుడ్లు తెచ్చి ఉడకబెట్టి వాడి చేత తినిపించేదాన్ని. చిమ్మిలి కూడా దంచాను, ఈసారి వాడికోసం. రెండు నెలలకి ఆ మనిషి మా ఇంటికి వచ్చాడు. నుదురు కొట్టుకున్నాడు. రుద్దుకోవడం కూడా మర్చిపోయి నా మీద పడ్డాడు.

"ఏటే గుంటా, ఆడికి గుడ్లెడతన్నావట? సెప్పులు బిగిసిపోనాయి, సూసేను."

"నా తమ్ముడు. పెడతాను."

"నాలుగేళ్లు పెంచేను ఆణ్ణి! నీకు ఆటంటే ఏటి తెల్సు?"

"నువ్వు పెంచితే ఇలాగే ఉంటాడా? నీకు తిండంటే ఏటి తెల్సు?"

మా అమ్మ నా నోరు మూయబోయింది. తమ్ముడు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి వాడి పాదాల వంక చూశాడు. చెడిపోయిన కూర వంక చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

తమ్ముడు పెరిగాడు. ఆగి ఆగి వచ్చిన వాన కదా, కుండపోతగా వచ్చింది. నెల తిరిగేసరికి పంట్లాం చీలమండల మీదికి ఎక్కేది. ఆకలి, ఎంత పెట్టినా ఆకలి. రాత్రి మోకాలి కింద ఎముక నొప్పని మూలిగేవాడు. మొహం మీద మొటిమలు, గొంతులో కప్ప. కాళ్లు సాగాయి గానీ, ఆ కాళ్లు వాడికింకా అలవాటు కాలేదు. బంతి ఒకచోట ఉంటే పాదం ఇంకోచోట పడేది. తన కాలు తనకే తగిలి బోర్లా పడేవాడు. మళ్లీ చూపిస్తే ఆ డాక్టరు నవ్వి, ఇది మామూలే, ఒక ఏడాది ఓపిక పడితే ఒళ్లు కుదురుకుంటుంది, అప్పుడు వీడి ఊపిరీ బలమూ వెనకటికంటే ఎక్కువుంటాయి అన్నాడు. ఒక ఏడాది ఓపిక. కోచ్ అనేవాడు ఉండేదే దానికి.

ఆ చలికాలం మొదటి పందెంలో ఆ మనిషి వాణ్ణి కావాలనే జట్టులో పెట్టాడు. అందరిముందూ కొలత జరగాలని. కర్ర గీతకి చాలా పైన ఆగింది. వాడు అలవాటుగా మోకాళ్లు వదిలాడు, అయినా పైనే. జనం నవ్వారు. ఆ మనిషి ముందుకొచ్చి, "సెడిపోనాడు" అని, జెర్సీ అక్కడే విప్పమన్నాడు. చలిలో వట్టి ఒంటితో ఇంటికొచ్చాడు తమ్ముడు. మళ్లీ బంతి ముట్టలేదు.

ఖాకీ ఆశ మాత్రం మిగిలింది. లోకల్ కమిటీ బాబు పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు గానీ, ఆయనతో పనిలేకుండానే పోలీసు భర్తీకి దరఖాస్తు పెట్టాం. తమ్ముడు పరుగులో ముందొచ్చాడు. దూకడంలో ముందొచ్చాడు. డాక్టరు చెప్పినట్టే ఒళ్లు కుదురుకుంది. ఇంట్లో గుమ్మం మీద గీత పెట్టి చూసుకున్నాం, కావలసిన ఎత్తు ఉన్నాడు, ఇంకా కొంచెం ఎక్కువే ఉన్నాడు. నాన్న ముందురోజే మిఠాయి తెచ్చాడు. సాయంత్రం వాడు తిరిగొచ్చి, "ఎత్తు సాలనేదు" అన్నాడు. వేలెడు తక్కువని రాశారట. "సోజా దాఁడా, సోజా దాఁడా అని అరిసేడు. తిన్నగానే ఉన్నాను అప్పా" అన్నాడు. సోజా దాఁడా అంటే నిటారుగా నిలబడమని.

నేను నమ్మలేదు. వాణ్ణి గుమ్మానికి ఆనించి నిలబెట్టాను. పెన్సిలు గీత పెట్టడానికి నా లెక్కల పుస్తకం వాడి నెత్తిమీద పెట్టాను. పుస్తకం జుట్టుకి ఆనగానే, నా కళ్లముందే, వాడు ఒక వేలెడు కిందికి జారాడు. భుజాలు కదల్లేదు. మొహం మారలేదు. ఇంట్లో అంతకుముందు వట్టి చూపుతో గీత పెట్టాం, నెత్తిమీద ఏమీ పెట్టలేదు.

"ఒరే, మోకాళ్లు" అన్నాను.

వాడు కిందికి చూసుకున్నాడు. బిగబట్టి నిలబడ్డాడు. మళ్లీ పుస్తకం పెట్టాను. మళ్లీ జారాడు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. "ఆటికయ్యే ఎల్లిపోతన్నాయి అప్పా" అన్నాడు, ఎవరివో మోకాళ్ల గురించి చెప్తున్నట్టు. నేను పుస్తకం విసిరికొట్టాను.

తరవాత చాలా ఏళ్లు భర్తీ లేదు. వచ్చేసరికి వయసు దాటింది. నాన్న మోసిన మూటలే వాడూ మోశాడు.

ఈ సంగతి బస్తీలో పాకి ఆ మనిషి చెవిన పడింది. చేసిన పనికి తల దించుకుంటాడని నేను అనుకున్నాను, నా పిచ్చి! టీ కొట్టు దగ్గర తొడ చరిచి నవ్వాడట. "అదీ విద్యంటే! సర్కారోడు కూడా కనిపెట్టలేకపోనాడు, సూసేరా?" అన్నాడట. ఆ తరవాత పాతికేళ్లు బతికాడు. ఎత్తు పందేలు తగ్గిపోయాయి, కర్ర మాత్రం వదల్లేదు. నేను ఎదురైతే అవతలి పక్కకి వెళ్లేవాడు. తమ్ముడు మాత్రం ఎక్కడ కనిపించినా "దాదా" అని ఆగి పలకరించేవాడు.

పోయినవారం ఆ మనిషి పోయాడు. పెళ్లి చేసుకోలేదు, ముందు నడిచే కొడుకు లేడు. పాతజట్టు వాళ్లే పాడె ఎత్తారు. నలుగురిలో ముగ్గురు ఆ మనిషి చేతిలో తయారైన పొట్టివాళ్లు. నాలుగోవాడు మా తమ్ముడు, కుడివైపు ముందు. నేను మా గుమ్మంలో నిలబడి చూశాను. ఎత్తగానే పాడె ఒకపక్కకి ఒరిగింది. ఆరడుగుల మనిషి ఎడమవైపుకి జారసాగాడు. ఎవరో కేక వేశారు. అంతే, పాడె సమానంగా కుదురుకుంది. నేను కాళ్ల వంక చూశాను. తమ్ముడు మోకాళ్లు వదిలాడు. సందు మొగదాకా, ఆ పైన రోడ్డు మీద నాకు కనిపించినంత దూరమూ అలాగే నడిచాడు.

సాయంత్రం స్నానం చేసి వచ్చి మా ఇంట్లో కూచుని మోకాళ్లు నొక్కుకుంటున్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. "నిటారుగా నడవాల్సింది. పడితే పడేవాడు. చచ్చాక కూడా ఆ మనిషి కోసం వంగాలా?" అన్నాను.

వాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు. నిజంగానే అర్థం కాలేదు వాడికి.

"వొంగేనా? ఎప్పుడు? తిన్నగానే నడిసేను కదప్పా" అన్నాడు.